ఏడాది కార్టూన్లను గోడకు అంటించి లెక్కపెట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

కార్టూన్ మీద గొడవ వచ్చినప్పుడల్లా చర్చంతా ఒక్క బొమ్మ చుట్టూనే తిరుగుతుంది. అది గీయొచ్చా గీయకూడదా, ఎవరి మనసు నొచ్చుకుంది, క్షమాపణ చెప్పాలా వద్దా అని రెండు రోజులు మాట్లాడుకుంటారు. మూడో రోజుకు అంతా మర్చిపోతారు. కార్టూన్ జనం ఆలోచనను మలిచేది మాత్రం ఆ రెండు రోజుల్లో కాదు. ఏళ్ల తరబడి ఒక రకం మనుషులకు అదే ముక్కు, అదే పొట్ట, అదే యాస తగిలించి చూపిస్తూ పోతే, వాళ్లు అలాగే ఉంటారన్న నమ్మకం పాఠకుడిలో కుదురుకుంటుంది. ఆ నమ్మకాన్ని ఎవరూ వాదించి ఒప్పించలేదు. అందుకే వాదించి తీసేయడమూ కష్టం. చెన్నైలో తెలుగు పిల్లలకు కార్టూన్ గీయడం, చదవడం నేర్పేవాళ్లం, పత్రికల్లో పేజీలు కూర్చేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మా విన్నపం ఒక్కటే. ఏడాదికొకసారి మీ పత్రికలో అచ్చయిన కార్టూన్లన్నీ ఒకచోట పరిచి, వరసగా చూసి, లెక్కపెట్టి, ఆ లెక్కను పాఠకుల ముందు పెట్టండి.

ఒకే చేయి మేలూ కీడూ రెండూ చేయగలదని అమెరికా కార్టూనిస్టు థామస్ నాస్ట్ బొమ్మలు చూస్తే తెలుస్తుంది. న్యూయార్క్ నగర ఖజానాను దోచుకున్న ట్వీడ్ ముఠా మీద 1871లో ఆయన 'హార్పర్స్ వీక్లీ'లో వారం వారం గీశాడు. అక్షరం రాని ఓటర్లకు కూడా దొంగతనం అర్థమైంది. ట్వీడ్ 1875 డిసెంబరులో నిర్బంధం నుంచి తప్పించుకుని స్పెయిన్ చేరితే, 1876లో అక్కడి అధికారులు నాస్ట్ బొమ్మను చూసే అతన్ని గుర్తుపట్టారు. కార్టూన్ శక్తికి నిదర్శనంగా అందరూ చెప్పే కథ ఇది. అదే 1871లో, అదే వారపత్రికలో, అదే చేయి కాథలిక్ బిషప్పులను మొసళ్లుగా గీసింది. వాళ్ల తలమీది టోపీలే తెరిచిన నోళ్లు. బడిపిల్లలను మింగడానికి ఒడ్డుకు పాకి వస్తుంటారు. ఆ బొమ్మకు 'అమెరికాలోని గంగానది' అని పేరు పెట్టాడు. మూఢత్వానికి గుర్తుగా మన గంగను వాడుకున్నాడన్నమాట. పొట్టకూటి కోసం వలస వచ్చిన ఐరిష్ కూలీలను కోతి దవడలతో గీశాడు. ట్వీడ్ బొమ్మ ఒక మనిషి చేసిన పనిని చూపించింది. ఐరిష్ బొమ్మ ఒక జాతి పుట్టుకనే నేరంగా చూపించింది. ట్వీడ్ చచ్చిపోయాక అతని బొమ్మకు పని లేకుండా పోయింది. కోతి దవడ మాత్రం కొత్తగా వచ్చే ప్రతి వలస కుటుంబం కోసం సిద్ధంగా ఉండిపోయింది.

ఇంతకన్నా చిన్న ఉదాహరణ నెపోలియన్. ఆయన ఎత్తు దాదాపు 168 సెంటీమీటర్లు. ఆనాటి ఫ్రెంచివాళ్లలో అది తక్కువేమీ కాదు. లండన్‌లో జేమ్స్ గిల్‌రే ఆయన్ను పెద్ద టోపీ, పెద్ద బూట్లు వేసుకుని అలిగే పొట్టి పిల్లాడిలా మళ్లీ మళ్లీ గీశాడు. ఈ రోజుకీ నెపోలియన్ పొట్టివాడనే చాలామంది అనుకుంటారు.

దీని చివరి మెట్టు ఎక్కడుందో జర్మనీ చూపించింది. జూలియస్ స్ట్రైషర్ 1923 నుంచి 1945 దాకా నడిపిన వారపత్రికలో, 'ఫిప్స్' అన్న సంతకంతో గీసే చిత్రకారుడు యూదులకు అదే వంకర ముక్కు, అదే దళసరి పెదవి, అదే కక్కుర్తి చూపు గీశాడు. ఇలా దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. డబ్బు పెట్టి కొననివాళ్లూ చూడాలని వీధుల్లో, బస్సు ఆగే చోట్ల అద్దాల పెట్టెల్లో పేజీలు అతికించేవాళ్లు. ఆ బొమ్మల్లో ఏ ఒక్కటి తీసి చూసినా 'నీచమైన జోకు' అని పక్కన పడేయొచ్చు. వరసగా వెయ్యి చూసినవాడికి మాత్రం, పక్కింటి యూదు కుటుంబాన్ని లారీ ఎక్కిస్తుంటే అది తప్పనిపించలేదు. స్ట్రైషర్ తన చేత్తో ఎవరినీ చంపలేదు. అయినా ద్వేషాన్ని రెచ్చగొట్టినందుకు మానవత్వంపై నేరం కింద న్యూరెంబర్గ్ న్యాయస్థానం శిక్ష వేసింది. 1946 అక్టోబరులో ఉరితీశారు.

మన దేశానికి వద్దాం. శంకర్ 1949 ఆగస్టులో గీసిన నత్త కార్టూన్ 2012 మేలో పార్లమెంటును కుదిపేసింది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కూర్చుని ఉంటారు. ఆయన చేతిలోనూ కొరడా ఉంటుంది. వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటారు. చుట్టూ జనం చూస్తుంటారు. పదకొండో తరగతి రాజనీతి పాఠ్యపుస్తకంలో 2006 నుంచీ ఉన్న ఆ బొమ్మను గొడవ తర్వాత తీసేశారు. అప్పుడు ఒకరు 'ఆ కాలంలో అది రాజ్యాంగ రచనలో జాప్యం మీద జోకు మాత్రమే' అన్నారు. ఇంకొకరు 'అంబేద్కర్ వెనక కొరడా పట్టిన బ్రాహ్మణుడిని దళిత విద్యార్థి ఎలా చూడాలి' అన్నారు. ఒక్క బొమ్మ దగ్గరే ఆగితే ఈ వాదన ఎప్పటికీ తెగదు. తెలుగువారే అయిన కార్టూనిస్టు, పరిశోధకుడు ఉన్నమతి శ్యామ సుందర్ దాన్ని తెంచే దారి చూపించారు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లిషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లను వందకు పైగా సేకరించి ఒకచోట పెట్టారు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక రాజకీయ సందర్భం ఉంది. కలిపి చూస్తే, దేశంలోనే గొప్ప చదువరుల్లో ఒకరైన ఆ మనిషి పక్కనున్న నాయకుల కన్నా చిన్నగా, చిన్నపిల్లాడిలా, చీర కట్టిన ఆడమనిషిలా తేలుతూ వస్తారు. ఆ వరస చూశాక నత్త బొమ్మ గురించి మాట్లాడే తీరే మారిపోతుంది. మేం మిమ్మల్ని అడుగుతున్నది సరిగ్గా ఈ పనే. డెబ్బై ఏళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడు వచ్చి చేసేదాకా ఆగకుండా, పత్రికే ఏటేటా చేయాలంటున్నాం.

ప్రేమగా గీసిన బొమ్మ కూడా ఒక ఆలోచనా ధోరణిని నాటుతుంది. మైసూరులో పుట్టిన ఆర్.కె. లక్ష్మణ్ 1951లో మొదలుపెట్టిన సామాన్యుడిని తీసుకోండి. గళ్ల కోటు, ధోవతి, బట్టతల, కళ్లద్దాలు. దశాబ్దాల పాటు రోజూ కనిపించాడు గానీ నోరు విప్పలేదు. దేశంలో జరిగే ప్రతిదానికీ సాక్షిగా నిలబడ్డాడు. ఆ కార్టూన్ల గొప్పతనం మీద మాకు ఏ అనుమానమూ లేదు. గీతలో పొదుపు నేర్పడానికి ఈ రోజుకీ వాటినే పిల్లల ముందు పెడతాం. అయితే ఆ వరస రెండు సంగతులు చెప్పకుండానే చెప్పింది. పౌరుడంటే పెద్దవయసు మగవాడు, చదువుకున్నవాడు, పట్నవాసి అని ఒకటి. రాజకీయం మన మీద జరిగేదే గానీ మనం చేసేది కాదని రెండోది. పొలంలో కూలికి పోయే ఆవిడ ఆ మూలన నిలబడి చూస్తున్నట్టు గీస్తే దేశం ఎలా కనబడేదో ఊహించి చూడమని పిల్లలకు చెబితే, వాళ్లు గీసుకొచ్చే బొమ్మలు వేరేగా ఉంటాయి. చాలామంది బొమ్మల్లో ఆవిడ మాట్లాడుతుంది.

తెలుగు కార్టూన్లో ఇలా పాతుకుపోయిన బొమ్మల్లో మొదటిది అప్పడాల కర్ర పట్టుకున్న భార్య. మొగుడు మంచం కింద దాక్కుంటాడు. వారపత్రికల్లో కొన్ని తరాలు దీన్ని చూసి నవ్వుకున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క చూస్తే, పెళ్లయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. ఇంట్లో దెబ్బ ఎటు నుంచి ఎటు పడుతుందో ఆ వరస పూర్తిగా తిప్పి చూపించింది. ఇందులో ఏ ఒక్క కార్టూనూ దోషి కాదు. ఏ ఒక్కదాన్నీ ఆపాలని మేం అనడం లేదు. అన్నీ ఒకే వైపు చూపించాయన్నదే మా బాధ.

రెండోది యాస. పాత్ర మాటలు రాసే బుడగలో, అంటే బెలూన్లో, ఆఫీసరు పత్రికల భాష మాట్లాడతాడు. పనిమనిషి, దొంగ, తాగుబోతు మాత్రం తెలంగాణదో, ఉత్తరాంధ్రదో, సీమదో యాస మాట్లాడతారు. సినిమాలో ఈ అలవాటు మీద తెలంగాణలో ఎంత ఆగ్రహం వచ్చిందో అందరికీ తెలుసు. కార్టూన్ బెలూన్ గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. పాత్ర పేరు, బొమ్మ మూసేసి బెలూన్ ఒక్కటే చదివి, మాట్లాడేది ఏ పనిచేసే మనిషో ఊహించమనాలి. పది బెలూన్లలో ఎనిమిదింటికి సరైన జవాబు వస్తోందంటే ఆ పత్రిక యాసకూ అంతస్తుకూ ముడి వేసేసిందన్నమాట.

మూడోది రంగు. దీనికి సగం కారణం అచ్చు యంత్రం. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది. చుక్క వ్యాపిస్తుంది. కంప్యూటర్ తెర మీద 50 శాతం బూడిదగా కనిపించేది కాగితం మీద 75 శాతం దాకా ముదురుతుంది. చామనఛాయ చూపించాలని 40 శాతం వేస్తే కూలివాడి మొహం దాదాపు నల్లటి ముద్దయి కళ్లూ నోరూ మాయమవుతాయి. పక్కనున్న మంత్రికి ఏ ఛాయా వేయరు కాబట్టి ఆయన మొహంలో ప్రతి భావమూ తెలుస్తుంది. ఒకరికి మనసుంది, ఇంకొకరికి లేదన్నట్టు బొమ్మ తయారవుతుంది. చిత్రకారుడి ఉద్దేశం అది కానే కాదు. దీనికి మందు సులువైనదే. మొహాల మీద 15-20 శాతం మించి ఛాయ వేయొద్దు. ముదురు కావాలంటే అడ్డగీతలతో చూపించాలి. గీతల మధ్య తెలుపు కనీసం గీత మందానికి రెట్టింపు ఉండాలి. గీతబొమ్మను బూడిద ఛాయలుండే గ్రేస్కేల్‌లో కాకుండా, నలుపు తెలుపు మాత్రమే ఉండే 1200 డీపీఐ బిట్‌మ్యాప్‌గా స్కాన్ చేస్తే అంచులు చెదరవు. అన్నిటికన్నా ముఖ్యం, ఛాయ వేస్తే బొమ్మలో అందరికీ వేయాలి, లేదంటే ఎవరికీ వద్దు.

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు ఇంకో రకం బొమ్మలు కూడా దగ్గరగా తగులుతాయి. ఇటు పత్రికల్లో తెలుగువాడు ఒక రకంగా, అటు పత్రికల్లో తమిళుడు లుంగీ, విభూతి, సాంబారు బకెట్టుతో ఒక రకంగా ఉంటారు. నీళ్ల తగాదా వస్తే ఇది ముదురుతుంది. ఉదాహరణకు తెలుగుగంగ మీద ఒక కార్టూన్ ఇలా గీశారనుకోండి: ఎత్తు మీద తలపాగా కట్టిన ఆంధ్ర రైతు కుండతో నీళ్లు పోస్తుంటాడు, కింద చెన్నై మహిళ ఖాళీ బిందె చాచి ఉంటుంది. ఇచ్చేవాడు పైన, అడిగేది కింద. బొమ్మ చూడగానే అర్థమవుతుంది, అందుకే ప్రమాదం. చెన్నై తాగునీటి కోసం కేటాయించిన 15 టీఎంసీలు ఒక్క ఆంధ్ర దానం చేసినవి కావు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు తమ వాటాల్లోంచి వదులుకున్నాయి. దారిలో పోయేది పోగా సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందాలన్నది ఒప్పందం. కాలువ తవ్వకం కోసం 1983లో రెండు రాష్ట్రాలూ సంతకాలు చేశాయి. తమిళనాడు తన వాటా ఖర్చు పెట్టుకుంది. కండలేరు నుంచి పూండి దాకా వచ్చే ఆ కాలువను ఆ బొమ్మలో భిక్షగా చూసిన పాఠకుడు, రేపు నీళ్లు ఆగిపోయినా అది ఒప్పందం తప్పడమని అనుకోడు.

ఇలాంటివి అచ్చుకు పోకముందే పట్టుకోవడానికి డెస్కులో రెండు నిమిషాల పని చాలు. బొమ్మ ఏం అంటోందో ఒక మామూలు వాక్యంగా రాయాలి. పై బొమ్మకు వాక్యం: 'ఆంధ్రప్రదేశ్ ఒక్కటే తన నీటిని చెన్నైకి దయతో ఇస్తోంది.' ఇప్పుడు ఆ వాక్యాన్ని వార్తలాగే సరిచూడాలి. సంపాదకీయంలో పేరు పెట్టి అచ్చువేయలేని వాక్యమైతే బొమ్మగా కూడా వేయకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సరిచూడాల్సింది వాక్యాన్నే. ముక్కు పొడుగైందని, పొట్ట పెరిగిందని అభ్యంతరం పెడితే కార్టూనే మిగలదు, అతిశయం దాని ప్రాణం. ఇంకో చెడు అలవాటు, 'ఎవరికి కోపం వస్తుంది' అని అడగడం. ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన డెస్కు నాలుగు నెలల్లో పెట్రోలు ధర మీద, దోమల మీద తప్ప దేనిమీదా బొమ్మ వేయని స్థితికి వస్తుంది. 'ఏం అంటోంది, అది నిజమేనా, మనిషి చేసినదాని మీదా, పుట్టుక మీదా' అన్నవే డెస్కు అడగాల్సిన ప్రశ్నలు.

మా ప్రతిపాదనను అడ్డుపెట్టుకుని ఎవరూ కార్టూనిస్టు చేయి పట్టుకోకూడదు కాబట్టి ఈ ఊళ్లో జరిగినదే గుర్తుచేస్తాం. 1987లో తమిళ వారపత్రిక ఆనంద వికటన్ ముఖచిత్రంగా ఎమ్మెల్యేల మీద, మంత్రుల మీద ఒక జోకు వేస్తే, తమిళనాడు శాసనసభ సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్‌కు మూడు నెలల జైలు వేసింది. జనం నుంచి నిరసన రావడంతో కొద్దిరోజుల్లోనే వదిలిపెట్టారు. ఆయన అంతటితో ఊరుకోకుండా మద్రాసు హైకోర్టుకు వెళ్లి, ఆ అరెస్టు చెల్లదని తీర్పు, 1,000 రూపాయల పరిహారం తెచ్చుకున్నారు. ఫ్రాన్సులో 1831లో రాజు లూయీ ఫిలిప్ మొహాన్ని పియర్ పండుగా గీసిన కాలంలోనూ ఇదే జరిగింది. రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసిన డోమియే ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. 1835 సెప్టెంబరులో తెచ్చిన చట్టం రాతకు ముందస్తు అనుమతి అడగలేదు, బొమ్మకు మాత్రం అడిగింది. బొమ్మ ఎంత లోతుకు పోతుందో అధికారంలో ఉన్నవాళ్లకు ఎప్పుడూ తెలుసు. మేం అడిగే లెక్క అచ్చయిన తర్వాత చేసేది, పత్రిక తనకు తానే చేసుకునేది, పాఠకుల ముందు చేసేది. ప్రభుత్వానికి గానీ, పార్టీకి గానీ, కుల సంఘానికి గానీ అందులో చోటు ఉండకూడదు.

ఇక ఆ లెక్క ఎలా చేయాలో చెబుతాం. రోజుకో కార్టూన్ వేసే పత్రికకు, సెలవులు పోగా, ఏడాదికి సుమారు 300 బొమ్మలు వస్తాయి. ఏ3 కాగితానికి 12 చొప్పున అచ్చు తీస్తే 25 కాగితాలు. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు గోడకు అంటిస్తే రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు చోటు పడుతుంది. లెక్కపెట్టే ముందు ఒక గంట ఊరికే చూడాలి. ఎదురుచూడనివి అప్పుడే కంటపడతాయి. తర్వాత ఇద్దరు మనుషులు విడివిడిగా ఒక రిజిస్టరు నింపాలి. అందులో ఉన్నది పేరున్న వ్యక్తా, లేక 'రైతు', 'పనిమనిషి', 'పొరుగు రాష్ట్రంవాడు' లాంటి మూస మనిషా, ఆడా మగా, బొమ్మలో ఏదైనా చేస్తున్నారా, లేక వాళ్లకేదైనా జరుగుతోందా, ఊరికే చూస్తున్నారా, ఎగతాళి చేసిన పని మీదా, అన్న మాట మీదా, శరీరం మీదా, బెలూన్లో ఏ యాస, తలల ఎత్తు సెంటీమీటర్లలో ఎంత. చివరిది చాదస్తంగా అనిపించొచ్చు గానీ ఎక్కువ నిజం బయటపెట్టేది అదే. వరసగా ఎవరిని చిన్నగా గీస్తున్నారో కంటికి తెలియకపోయినా స్కేలుకు తెలుస్తుంది.

మొదటి 30 బొమ్మలు అయ్యాక ఇద్దరి రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టాలి. అయిదారు చోట్ల కన్నా ఎక్కువ తేడా వస్తే నిర్వచనాలు వదులుగా ఉన్నాయని అర్థం. 'చేసిన పని మీద ఎగతాళి' అంటే ఏమిటో మళ్లీ రాసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎక్కువగా లెక్క చెడేది ఇక్కడే. తొందరపడి 300 అయిపోయాక పోల్చుకుంటే అంతా వృథా. రెండో పొరపాటు, కార్టూనిస్టు చేతే లెక్కపెట్టించడం. తన బొమ్మలో తన ఉద్దేశమే ఆయనకు కనబడుతుంది. మూడోది, ఏ పార్టీని ఎన్నిసార్లు గీశారన్నదొక్కటే లెక్కేయడం. పాఠకులు ముందు అడిగేది అదే కాబట్టి ఆ సంఖ్య కూడా ఇవ్వాలి, కానీ దాంతో ఆపేస్తే గొడవ పార్టీల మధ్య తేలిపోయి, అప్పడాల కర్ర, యాస, నల్లటి మొహం మళ్లీ చీకట్లోనే ఉండిపోతాయి. ఇద్దరూ రోజుకు మూడు గంటలు కూర్చుంటే రెండు వారాల్లో పూర్తవుతుంది. అచ్చుకు అర పేజీ చాలు. సంఖ్యలు, ఆరేడు చిన్న బొమ్మలు వేసి, పక్కనే సమానమైన చోటు కార్టూనిస్టుకు జవాబు చెప్పుకోవడానికి ఇవ్వాలి. ఆయన అంగీకరించకపోవచ్చు, ఆ విభేదం కూడా పాఠకులకు తెలియాలి.

ఫోన్లో తిరిగే కార్టూన్ల గురించి కొంచెం. మూడు కాలమ్‌ల కార్టూన్ కాగితం మీద దాదాపు 12 సెంటీమీటర్లు, ఫోన్ తెర మీద ఆరున్నర. బెలూన్ అక్షరం సగానికి తగ్గుతుంది, వత్తులూ గుడులూ కలిసిపోతాయి. చదవడానికి వీలుగా ఎవరో అంచులు కత్తిరిస్తారు. చట్రం బయట ఉన్న పత్రిక పేరు, తేదీ ఎగిరిపోతాయి. ఆ తర్వాత బెలూన్ చెరిపి కొత్త మాట రాయడం నిమిషం పని. 2010 నాటి బొమ్మ నేటి నాయకుడి మీదికి వస్తుంది. అందుకే సంతకమూ తేదీ చట్రం లోపల, కత్తిరిస్తే బొమ్మే చెడిపోయేలా ముఖ్యపాత్ర కాళ్లకు ఆనుకుని ఉండాలి. బెలూన్ చేతిరాతలో ఉంటే మంచిది. కంప్యూటర్ అక్షరాలతో మార్చితే వెంటనే తెలిసిపోతుంది. పాఠకులు చూడాల్సింది కూడా ఇదే. బెలూన్ లోపలి తెలుపు, బొమ్మ వెనక తెలుపు ఒకేలా ఉన్నాయా? బెలూన్ అంచు ఎక్కడైనా తెగిందా? సంతకం చదవగలిగేలా ఉందా? కృత్రిమ మేధతో చేయించిన బొమ్మల్లో సంతకం తరచూ అర్థంలేని గీతలా ఉంటుంది, తెలుగు వత్తులు చోటు తప్పుతాయి. ఆ పరికరాలు మెరుగవుతున్న కొద్దీ ఈ గుర్తులు పనిచేయవు. అప్పుడు మిగిలే ఆధారం పత్రిక దగ్గరున్న పాత బొమ్మల భాండారమే. తేదీ, పేరు, బెలూన్ మాటలతో వెతకగలిగేలా దాన్ని మీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచండి. పాతవాటికి ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం ఉంది. చట్టప్రకారం పత్రికల ప్రతులు చేరాల్సిన గ్రంథాలయాల్లో అదొకటి. తలిశెట్టి రామారావు బొమ్మలు వచ్చిన ఆంధ్రపత్రిక, భారతి ఈ ఊరి నుంచే వెలువడ్డాయి. తెలుగు కార్టూన్ తొలి పేజీల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాం. 2006 చట్టంతో ఇక్కడి బళ్లలో తమిళం తప్పనిసరి అయ్యాక, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవలేని పిల్లలు పెరిగారు. వాళ్లకు మాటలు లేని కార్టూన్ మంచి దారి. జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ ఈ ఊళ్లోనే ఉండి గీసిన జయదేవ్ మాటల్లేని కార్టూన్లలో ఎంత చెప్పారో చూసినవాళ్లకు తెలుసు. నలభై నిమిషాల పీరియడ్ చాలు. ఇద్దరికో జిరాక్స్ కాపీ, బెలూన్ ఉంటే దానిమీద తెల్లకాగితం ముక్క అంటించి ఇవ్వాలి. మొదటి పది నిమిషాలు కనబడుతున్నవే చెప్పాలి, అర్థం చెప్పకూడదు. తర్వాత పది నిమిషాలు స్కేలుతో తలలు కొలిచి, ఎవరు పెద్ద, ఎవరు పైన, ఎవరి చూపు ఎటు అని రాసుకోవాలి. అప్పుడు కాగితం తీసి బెలూన్ చదివి, బొమ్మ అనేదాన్ని ఒక వాక్యంగా రాయాలి. చివరి పది నిమిషాల్లో ఇద్దరి స్థానాలు తారుమారు చేసి మళ్లీ గీయాలి. చాలాసార్లు పాఠం చెడేది టీచరు ముందే నవ్వి అర్థం చెప్పేయడం వల్ల. ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ మీది బొమ్మ తెస్తే క్లాసు రెండు జట్లవుతుంది, ఇక బొమ్మను ఎవరూ చూడరు. అందుకే ముప్పై ఏళ్లు దాటిన బొమ్మలే తీసుకోవాలి.

మీ ఆదివారం పిల్లల పేజీలో నెలకో పాత కార్టూన్, బెలూన్ ఖాళీగా ఒకటి, మాటలతో ఒకటి, రెండు కాలమ్‌ల వెడల్పున వేస్తే బళ్లకు కావాల్సిన కాపీలు అక్కడి నుంచే తీసుకుంటారు. బొమ్మ కింద గీసినవారి పేరు, మొదట అచ్చయిన తేదీ తప్పక వేయండి. మొదటి ఆరు నెలలకు సరిపడా బొమ్మల ఎంపిక, ప్రశ్నలు, అచ్చుకు సిద్ధమైన ఫైళ్లు మేం ఉచితంగా తయారుచేసి ఇస్తాం. పునర్ముద్రణకు అనుమతి మాత్రం హక్కుదారుల దగ్గర పత్రిక పేరుమీదే తీసుకోవాల్సి ఉంటుంది.

ఇట్లు,
కార్టూన్ బోధనలో, పేజీల కూర్పులో పనిచేస్తున్న కొందరు తెలుగువారు,
చెన్నై